కొబ్బరి నీళ్ళ రుచి చెప్పిన పిల్ల

మా ఇంట్లో కొబ్బరిబొండాలు చాటుగా తాగేవాళ్ళం. ఉద్దానంలో పుట్టి, చుట్టూ కొబ్బరి తోటలే పెట్టుకుని, దొంగల్లాగ పెరటి గోడ వెనక నిలబడి తాగేవాళ్ళం. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. కొబ్బరి నీళ్ళు ఆయనకిక విషమేనని పలాసలో చూసే పెద్ద డాక్టరు చెప్పారు. ఆయన మంచం వరండాలో ఉండేది. బొండాం కొట్టిన చప్పుడైతే ఇటు తల తిప్పి, మళ్ళీ సముద్రం వైపు తిప్పుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ నీళ్ళ అడుగున కదులుతున్నట్టు ఉంటాయి.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ డాక్టరే ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన చదివిన డాక్టరు కాలేజీ ఎక్కడో దూరాన ఉంది. అక్కడ మార్కులొక్కటే చూడరట, మనిషినీ చూస్తారట. మా వైపు నుంచి ఒక్కరి కోసం ఆయన మాట చెప్పొచ్చు. ఈ ఇద్దరికీ మార్కులు సమానమే. కాసేపు నీ దగ్గర కూర్చుంటారు, జబ్బుమనిషికి ఎవరైతే బాగుంటుందో నువ్వే చెప్పమని మా ఆయనతో అని, పక్క వీధిలో రోగుల్ని చూడ్డానికి వెళ్ళిపోయారు.

ఇద్దరిలో ఒకడు మా అన్న కొడుకు, టెక్కలిలో చదివినవాడు. వాడు మావాడని డాక్టరుకూ తెలుసు, అయినా నీ మాట నమ్ముతానన్నారు. రెండోది జలంత్రకోట పిల్ల, కొత్త ముఖం. నా మనసు ఎటు ఉందో వేరే చెప్పాలా?

ఇంటికొచ్చిన వాళ్ళకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. చెయ్యి దాని అలవాటున అది రెండు బొండాలు కొట్టేసింది. వరండాలోకి తెచ్చి వాళ్ళ చేతికిచ్చాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు.

మావాడు బొండాం పక్కన పెట్టేశాడు.

"నీకు లేనిది నాకెందుకు మావా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

నాకు కడుపు నిండిపోయింది. వీడే డాక్టరు అనుకున్నాను. మా ఆయన మాత్రం సముద్రం వైపు తిరిగారు.

ఆ పిల్ల బొండాం పట్టుకుని ఆయన వైపు చూసింది.

"నాను తాగితే నీకు కట్టంగుంతాదా సిన్నాన్నా?"

అంతవరకు ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"తాగు తల్లీ. తాగి, ఎలగున్నాదో సెప్పు."

తాగింది, నిదానంగా. నాకు ఒళ్ళు మండింది.

"ముందర కూసింత ఉప్పు తగుల్తాది. మింగినాక తీపి వత్తాది. సముద్దరం పక్క సెట్టుదా?"

"ఆఁ, నానే ఏసినాను."

"అయితే మా జలంత్రకోట కాయే నయం."

"మీ ఊరి నీల్లా, సప్పడి" అని ఆయన నవ్వారు. నవ్వు మరిచిపోయిన మనిషి. ఆ చెట్టు మొదటి గెల ఎప్పుడు వేసిందో, ఏ గాలికి ఎటు వంగిందో చెప్పుకుపోయారు. ఆ పిల్ల అడుగుతోంది, ఆయన చెయ్యెత్తి ఎత్తులు చూపిస్తున్నారు. ఎండ పచ్చబడింది. అలల హోరులో వాళ్ళ మాటలు కలిసిపోతుంటే, ఆయన మంచం మీద లేనట్టూ, తోటలో నడుస్తున్నట్టూ అనిపించింది నాకు.

పొద్దువాలాక డాక్టరు వచ్చి అడిగారు. నేను గుమ్మంలోంచి మావాడి వైపు సైగ చేశాను. మా ఆయన అది చూశారు కూడా.

"మావోడు మంచోడే బాబూ. నన్ను సూసి ఏడిసినాడు. ఈ పాప నాతోటి మాటాడినాది. ఈ పాపని అంపండి."

డాక్టరు నన్నూ చూశారు. నేను ఖాళీ బొండాం, నిండు బొండాం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ పిల్ల వెళ్ళి చదువులో చేరింది. మావాడు తరవాత టెక్కలిలో మందుల షాపు పెట్టుకున్నాడు. నేను మాత్రం చాన్నాళ్ళు ఆయనతో ముభావంగానే ఉన్నాను.

వానలు పట్టాక ఒకరోజు ఆయన నన్ను పిలిచి, బొండాం తన ఎదురుగానే కొట్టమన్నారు. కొట్టి తాగాను. ఎలా ఉందన్నారు. తీపిగా ఉందన్నాను.

"ఆపాటి నాకూ తెలుసు. ఆ పాప సెప్పినట్టు సెప్పే."

ఇంకో గుక్క తాగి, మింగకుండా నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాను. ముందర ఉప్పు తగిలింది.