గడప మీద నీళ్లు

భవాని పేట్‌లో నాగుబాయి రోజూ పొద్దున్నే గడపలో కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, కార్ఖానా వాళ్లిచ్చిన ఆకుతో బీడీలు చుట్టేది. ఆమె అద్దెకుంటున్న ఒంటి గదికి వెలుతురు వచ్చేది అక్కడే.

పై అంతస్తులో ఇంటి యజమాని అంబాదాస్ ఏసీ పెట్టించాడు. దాని నీళ్ల పైపును మిస్త్రీ మోరీ దాకా దింపబోతే, "అంత పైపెందుకురా, ఈడనే ఇడిసిపెట్టు" అన్నాడు. నీళ్లు ఆమె గడప మీదే పడ్డాయి.

"మామా, పైపు జర పక్కకు మల్పియ్యుండ్రి. ఆకు తడుస్తున్నది," అని నాగుబాయి బతిమాలింది.

"ఊరోళ్లకు నల్లా నాల్గొద్దులకోసారి వస్తది. నీకు పొద్దంత వస్తున్నది. కిరాయి పెంచాలె నేను," అన్నాడతను. వాకిట్లో ఉన్న పక్క గదుల ఆడవాళ్లు కూడా నవ్వారు.

లోపల చీకట్లో చుడితే బీడీలు వంకరపోయాయి, గడపలో చుడితే తడిశాయి. కార్ఖానాలో వాటిని విరిచి పారేశారు. ఆఖరికి ఆకు ఇవ్వడమే మానేశారు.

ఇప్పుడు నాగుబాయి హోట్గి రోడ్‌లో నాలుగిళ్లలో అంట్లు తోముతోంది.