పిట్టనై నడిచిన సాయంత్రం

పక్కింటికి సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసనకు ఇప్పటికీ లేచి కిటికీ మూసేస్తాను.

నా చిన్నప్పుడు మేం సీతాఫల్‌మండి నుంచి కార్ఖానా అనే పేటకు ఇల్లు మారిన వారమది. కొన్ని వలసపిట్టల పిల్లలు పెద్దవాటి తోడు లేకుండానే ఎన్నడూ చూడని చోటికి చేరతాయనీ, దారి వాటి ఒంట్లోనే ఉంటుందనీ టీచర్ చెప్పింది. నా ఒంట్లో మాత్రం ఉండదా అని, బడి వదలగానే నాన్న కోసం ఆగకుండా నడిచాను.

కాళ్లు తిన్నగా పాత ఇంటికే తీసుకెళ్లాయి. గుమ్మంపైన నాన్న నీలిరంగుతో రాసిన బైబిల్ వాక్యం లేదు. తడి సున్నం ఉంది. దిక్కు తెలిసిన పిట్టననుకున్నదాన్ని, దిక్కులేని పిల్లనయ్యాను.

"ఎవలు గావాలె బిడ్డా?" అంది లోపలి నుంచి వచ్చినావిడ.

"మా ఇల్లు."

"గిది మా ఇల్లు గద! మీది యాడుంది?"

కార్ఖానా అన్న పేరైనా గుర్తు రాలేదు. అమ్మానాన్నలను ఇక చూడనని ఆ గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాను. గౌనంతా సున్నమే.

చీకటి పడుతుండగా నాన్న స్కూటర్ వచ్చింది. నన్ను చూసి గుమ్మం ముందే కూలబడ్డాడు.

"ఇక్కడున్నానని ఎలా తెలిసింది నాన్నా?"

"తెలీలేదమ్మా. అంతా వెతికి, మీ అమ్మకేం చెప్పాలిరా దేవుడా అనుకుంటూ ఇంటికి బయల్దేరా. స్కూటర్ ఇటొచ్చేసింది."

పెద్దపిట్టా దారి తప్పిందని అప్పుడు పకపకా నవ్వాను. నాన్న వయసుకొచ్చాక, అందులో నవ్వేందుకేమీ కనిపించడం లేదు.