భూపాలపల్లి అడవి అంచుకు ఒక ఆంటెనాతో

ఉదయం ఆరూ నలభైకి జనగామ స్టేషన్లో రైలెక్కినప్పుడు నా చేతిలో పాత దుప్పట్లో చుట్టిన ఆంటెనా ఉంది. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఆంటెనాల పాఠాలు చెబుతాను. పదిహేనేళ్లుగా వాటి మీదే పరిశోధన, వ్యాసాలు. కానీ నేను గీసిన ఆంటెనా ఒక్కటీ ల్యాబు గడప దాటలేదు. పోయిన నెల ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. "మీరు చేసినవి ఎక్కడైనా పనిచేస్తున్నాయా?" అన్నారు. లేవని ఒప్పుకున్నాను. ప్రమోషన్ రాలేదు.

వారం తిరక్కుండానే సుజాత ఫోన్ చేసింది. రఘునాథపల్లిలో నాతో చదువుకున్న సుజాత ఇప్పుడు భూపాలపల్లి అవతల అడవి అంచు ఊళ్లో నర్సు.

"ఫోన్ మాట్లాడాలంటె గుట్టెక్కాలెనే. మొన్న ఒకామెకు నొప్పులొస్తె అంబులెన్సుకు చెప్పనీకె గుట్టెక్కేసరికి నా పానం పోయినంత పనైంది. నువ్వు గిన్నేండ్లు చదివింది గదే గదా, ఏమన్న చెయ్యరాదె?"

అదీ ఈ ప్రయాణానికి కారణం.

రైల్లో ఎదురు సీటు అవ్వ దుప్పటిని వేలితో పొడిచి చూసింది. "గిదేంది బిడ్డా, చాపలు వట్టేదా?"

"సిగ్నల్ వట్టేది అవ్వా, ఫోన్లకు."

"గట్లనా! అయితె జర మా కోడలు ఫోన్ ఎత్తేటట్టు చెయ్యరాదు."

పెట్టెలో సగం మంది నవ్వారు. నాకైతే మహబూబాబాద్ దాకా నవ్వు ఆగలేదు.

తొమ్మిదింటికి అక్కడే దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, యాకయ్యన్న దుకాణానికి వెళ్లాను. ఆయన నా విద్యార్థిని తండ్రి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఇళ్లమీద టీవీ ఆంటెనాలన్నీ ఆయన నిలబెట్టినవే. ఇప్పుడు కుక్కర్లు, మిక్సీలు బాగుచేస్తున్నారు. ఆంటెనాకు ఇనుప స్టాండు చేసిపెట్టమని ముందే చెప్పాను. అది తీసుకుని వెళ్లిపోదామనుకుంటే ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని సంచీ సర్దుకుని ఉన్నారు.

"నేను గూడ వస్త మేడం. డిష్షులు వచ్చినప్పటి సంది ఒక్క ఆంటెనా పెట్టలే. చేతులు గుంజుతున్నయ్."

పదిన్నర రైలుకు మళ్లీ వెనక్కి వరంగల్, అక్కణ్నుంచి ఆటోలో హనుమకొండ బస్టాండు. పన్నెండున్నరకు భూపాలపల్లి బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, యాకయ్యన్నకు మామూలు టికెట్. ఆంటెనాను చూసి కండక్టరమ్మ లగేజీ టికెట్ అంది.

"ఎందుకమ్మా? ఆడామె చేసింది, దానికి గూడ జీరో టికెటే కొట్టు," అన్నారు యాకయ్యన్న.

"ఆధార్ కార్డున్నదా దానికి?" అంది ఆమె, నవ్వకుండా. బస్సంతా ఘొల్లుమంది. లగేజీ టికెట్ తీసుకున్నాం.

పరకాల, రేగొండ దాటి రెండున్నరకు భూపాలపల్లి. బస్టాండు ఎదురుగా మెస్సులో పప్పు, బెండకాయ వేపుడు తిని, బొగ్గు లారీల వెనకాల ఆటోలో బయల్దేరి మూడున్నరకు సుజాత పనిచేసే ఆరోగ్య కేంద్రం చేరాం. రెండు గదులు, ఒక వరండా. బెంచీ మీద నెలలు నిండిన లలిత అనే అమ్మాయి, పక్కన ఆమె అత్త.

టవరు ఏ దిక్కున ఉందో మ్యాపులో డిగ్రీలతో సహా కొలిచి రాసుకొచ్చాను. యాకయ్యన్న కప్పుమీద ఆంటెనాను ఆ దిక్కుకే బిగించారు. గదిలో, ఆంటెనా తీగ తగిలించిన సిమ్ రౌటర్ ముందు నేను.

"వచ్చిందా?" పైనుంచి యాకయ్యన్న.

"రాలే!"

తీగ మార్చాను. అతుకులన్నీ మళ్లీ చూశాను. అరగంటైనా సిగ్నల్ ఒక్క గీత కూడా రాలేదు. సుజాత లలిత బీపీ చూడసాగింది. ఇంటర్వ్యూ గదిలో అడిగిన ప్రశ్నే మళ్లీ గుర్తొచ్చింది.

"మేడం, జర మీదికి రాండ్రి," అని యాకయ్యన్న పిలిచారు. నిచ్చెనెక్కి చూస్తే నేను చెప్పిన దిక్కున నిలువెత్తు గుట్ట. మ్యాపులో అది సన్నటి గీత మాత్రమే. నా పదిహేనేళ్ల చదువులో గుట్టను లెక్కలోకి తీసుకోవడమే మరిచాను.

"ఎడమకు సందున్నది సూడుండ్రి. అటు తిప్పుదునా?"

"తిప్పండన్నా."

ఆయన కళ్లు మూసుకుని, వేలెడంత చొప్పున తిప్పుతూ పోయారు. కింద నుంచి సుజాత కేక వినిపించింది. "వచ్చింది! రెండు గీతలు... మూడొచ్చినయే!"

నేను కప్పుమీద గంతులేశాను. సిగ్గేమీ అనిపించలేదు.

"అంచున్నది మేడం, పైలం!" అంటూ ఆయనా నవ్వుతున్నారు.

సుజాత వెంటనే డాక్టరుకు వీడియో కాల్ చేసి లలిత కాళ్ల వాపు చూపించింది, బీపీ చెప్పింది. "రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే పంపించండి," అన్నారు డాక్టరు. సుజాత అక్కడే నిలబడి అంబులెన్సును పిలిచింది. అది వచ్చి లలితను ఎక్కించుకుని వెళ్లేదాకా ఉండి, మేమూ బయల్దేరాం.

ఆరింటి బస్సు రేగొండ దగ్గర ఉండగా నా ఫోన్ మోగింది. సుజాత.

"లలితను దవాఖానల చేర్చుకున్నరే. మంచిగున్నదంట."

"ఇంకేంది?"

"ఇంకేం లేదు. కుర్చీల కూసోని ఫోన్ చెయ్యబుద్ధయింది."

ఫోన్ పెట్టేసి ఆ మాట యాకయ్యన్నకు చెప్పాను. ఎవరైనా ఈ దారిన వెళ్తే ఉదయం రైలుకే బయల్దేరండి, కప్పు ఎక్కడానికి వెలుతురు ఉంటుంది. మ్యాపును మాత్రం నమ్ముకోకండి.

మా ఇద్దరి ముఖాలూ చూసి పక్క సీటామె అడిగింది. "పెండ్లికి పోయొస్తున్నరా?"

"అంతకన్న పెద్దది. ఆంటెనా పెట్టొస్తున్నం," అన్నారు యాకయ్యన్న.

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అయినా మాతో కలిసి నవ్వింది.