ఓబులయ్య పేనిన మోకు

మా అపార్టుమెంటుకు రంగులు వేస్తున్నారు. మొన్న పొద్దున కాఫీ తాగుతూ కూర్చుంటే కిటికీ అవతల కిర్రు కిర్రుమని చప్పుడు వినపడింది. బరువు మోస్తున్న తాడు చేసే చప్పుడది. చూస్తే, నాలుగో అంతస్తు ఎత్తున ఒక మనిషి చెక్కముక్క మీద కూర్చుని గాలిలో ఊగుతూ గోడకు రంగు పూస్తున్నాడు. నడుముకు ఏ ఆధారమూ లేదు. చేతికర్ర తీసుకుని కిందికి దిగాను. పనులు చూసే మనిషి నీడలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. "ఈ తాడును ఎవరు పరీక్ష చేశారు?" అని అడిగాను. "కొత్త తాడే సార్" అన్నాడు. "కొత్తదో పాతదో నాకెందుకు? దీనికి వేలాడి చూసినవాడెవడు?" అన్నాను. అతను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. పైనున్న మనిషిని దింపించి, అతని నడుముకు రెండో తాడు కట్టించేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు. "ఎనభై దాటాక కూడా ఎందుకు మామయ్యా ఇంత కోపం?" అంది మా కోడలు. ఎందుకో ఆమెకు చెప్పాలంటే ఓబులయ్య మేస్త్రీ సంగతి మొత్తం చెప్పాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కడప జిల్లాలో, మంగంపేట దాటి కొంత దూరం పోతే ఒక చిన్న ముగ్గురాయి గని ఉండేది. ముగ్గురాయి అంటే తెల్లగా, చూపుకు తేలిగ్గా కనిపించి ఎత్తితే నడుము విరిచే రాయి. పొడి చేసి ఎక్కడెక్కడికో పంపేవాళ్లు. గని అంటే ఇప్పటిలా యంత్రాలు కావు, పెద్ద బావిలాంటి గొయ్యి. పైన గిలక, గిలక మీద లావుపాటి తాడు, మోకు. ఆ మోకు పట్టుకునే మనుషులు దిగేవాళ్లు, ఆ మోకుకు కట్టిన గంపల్లోనే రాయి పైకి వచ్చేది. నేను అక్కడ హాజరు గుమాస్తాను. ఇరవై రెండేళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నీడలో కూర్చునే ఉద్యోగం దొరికిందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.

ఓబులయ్య అక్కడ మేస్త్రీ. నలభై అయిదేళ్లుంటాయి. పొడగరి, ఎండకు కమిలిన నలుపు, ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమలు. వాళ్ల ఇంటి దేవుడు అహోబిలం నరసింహస్వామి. పని మొదలుపెట్టే ముందు "ఓబులేసా" అని ఒక్క కేక వేసి, తర్వాత అందరినీ తిట్టడం మొదలుపెట్టేవాడు. మోకు సరిగా చుట్టనివాణ్ణి తిట్టేవాడు, జ్వరంతో పనికి వచ్చినవాణ్ణి తిట్టి ఇంటికి పంపేవాడు. "మేస్త్రీ, కొంచెం శాంతంగా ఉండకూడదా?" అని నేనొకసారి అంటే, "మా దేవుడే కోపిష్టోడప్పా. స్తంభం చీల్చుకోని వచ్చినోడు. ఆయన్ని మొక్కేటోణ్ణి నాకు శాంతం యాడనుంచి వస్తాది?" అన్నాడు.

ఆ వేసవిలో మోకు మూడుచోట్ల నలిగింది. నలిగినచోటల్లా ముడి వేసి వాడుతున్నారు. కొత్త మోకు కావాలని ఓబులయ్య మూడుసార్లు యజమానికి చెప్పాడు. మూడోసారి నేనూ అక్కడే ఉన్నాను. "ఈ సరుకు పోనీ, చూద్దాం" అన్నాడు యజమాని. ఆయన నుదుట నిలువు నామం, గొంతు మెత్తన, ఆ నోట చెడ్డమాట ఎన్నడూ వినలేదు. అలాంటి మెత్తని గొంతులంటే నాకు ఇప్పటికీ అసహ్యం. నాలుగు రోజుల తర్వాత ఆ మోకు తెగింది. చిన్నయ్య అనే కూలీ గొయ్యి అడుగున పడ్డాడు. ఓబులయ్య ఇంకో తాడు కట్టుకుని తానే దిగి, చిన్నయ్యను భుజాన వేసుకుని వచ్చాడు. పైకి చేరేసరికి ప్రాణం లేదు. గంపలు మోసే ఆడవాళ్లలో చిన్నయ్య భార్య సుబ్బమ్మ కూడా ఉంది. తలమీది గంప దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

గనులు తనిఖీ చేసే అధికారి రెండు రోజుల్లో వస్తాడని కబురు వచ్చింది. యజమాని నన్ను పిలిచి ఒక కాగితం రాయమన్నాడు. చిన్నయ్య కల్లు తాగి వచ్చాడనీ, మేస్త్రీ వద్దన్నా వినకుండా దిగాడనీ, చేయి జారి పడ్డాడనీ. నేను రాశాను. రాసి, చూసినవాడిగా సంతకం పెట్టాను. భయపడ్డానని చెప్పుకోవచ్చు, ఇంటి పరిస్థితి చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లు అవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఏదీ నిలబడలేదు. రెండో సంతకం కోసం ఓబులయ్యను పిలిచారు. అతనికి చదువు రాదు. "చదువప్పా" అన్నాడు నాతో. చదివాను. చివరిదాకా కదలకుండా విన్నాడు. "చిన్నయ్య జన్మలో కల్లు ముట్టలా" అని యజమానితో అన్నాడు. "సంతకం పెడితే మేస్త్రీవి, పెట్టకుంటే ఈ పూటతో సరి" అన్నాడు యజమాని, అదే మెత్తని గొంతుతో. ఓబులయ్య తలపాగా తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. అతన్ని తీసేసిన కాగితం కూడా నేనే రాశాను. దాన్ని చేతికిస్తుంటే అటూ ఇటూ తిప్పి చూసి, "నీ రాత శానా ముద్దుగా ఉండాదప్పా. అబద్ధం గుడక ముత్యాల మాదిరి రాస్తాండావు" అన్నాడు. చెంపదెబ్బ కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అతను అహోబిలం నడిచిపోయాడని విన్నాను. దేవుడితో పోట్లాడటానికే పోయానని తర్వాత అతనే చెప్పాడు. "గుడి ముందర నిలబడి అడిగినా. ఒక పిల్లోడు పిలిస్తే స్తంభంలోంచి వచ్చినావే, చిన్నయ్య పడేటప్పుడు ఆ మోకులోకి రాలేకపోతివా అని. ఆయన ఏమీ చెప్పలా. తిరిగొస్తా మైదుకూరు కాడ కాళ్లు బొబ్బలెక్కి ఒక కుంట గట్టున కూలబడితి. ఎదురుగా ముసలాయన కిత్తనార మోకు పేనుతాండాడు. గంటసేపు చూసినా. దేవుడు చెప్పాల్సింది ఇట్ల చెప్తాండాడు గదా అనుకొంటి." ఆ ముసలాయన దగ్గర మూడు నెలలు ఉండి పని నేర్చుకున్నాడు. ఓబులయ్య భక్తి అంతా అంతే. పూనకాలు లేవు, కలలో కనపడటాలు లేవు. అడగవలసింది అడిగేసి, కళ్లముందు కనపడిన పనిలో చేయి పెట్టడమే.

తిరిగి వచ్చి, గనికి మైలు దూరంలో ఉన్న తన ఊళ్లోనే మోకుల పని మొదలుపెట్టాడు. మా సీమలో కిత్తనారకు కరువు లేదు, ప్రతి చేను గట్టునా ముళ్లు సాచి నిలబడి ఉంటుంది. ఆ మట్టలు కోసి, కుంటలో కుళ్లబెట్టి, బండ మీద బాది నార తీయాలి. కంపు భరించలేం. ఆ పనికి ముందుగా వచ్చింది సుబ్బమ్మ. తర్వాత గనిలో మొగుళ్లు పనిచేసే ఆడవాళ్లు ఇంకో ఇద్దరు వచ్చారు. ఎద్దులతో నీళ్లు తోడే బావులకూ, బండ్లకూ మోకులు కావాలి కాబట్టి బేరానికి లోటు లేదు. అయితే ఓబులయ్య ఒక నియమం పెట్టుకున్నాడు. అతని పెరట్లో ఒక ఎండిపోయిన బావి ఉండేది. పేనిన ప్రతి మోకునూ ఆ బావి మీది దూలానికి వేసి, "ఓబులేసా" అని తానే దానికి వేలాడేవాడు. మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కేవాడు. అప్పుడు మోకు కొసకు పసుపు దారం కట్టి అమ్మకానికి పెట్టేవాడు. ఎవరైనా తొందర పెడితే, "నేను పడితే దేవుడికి తెలుస్తాది. నువ్వు పడితే నాకు తెలియాల గదా" అనేవాడు.

ఆర్నెల్ల పాటు నేను ఆ దారిన పోలేదు. ఒకరోజు ఉండబట్టలేక వెళ్లాను. ఓబులయ్య నన్ను కూర్చోమనలేదు. దూలం మీద అప్పుడే వేసిన కొత్త మోకు చూపించి, "దిగు" అన్నాడు. చొక్కా విప్పి, మోకును నడుముకు కట్టుకుని దిగాను. చేతులు చెమటకు జారుతున్నాయి. పది అడుగుల లోతులో మోకు ఆగిపోయింది. తలెత్తి చూస్తే పైన ఓబులయ్య లేడు. రాతి కంబానికి రెండు చుట్లు వేసిన మోకు కొసను పట్టుకుని సుబ్బమ్మ నిలబడి ఉంది.

"నా మొగుడు తాగేటోడా?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

"కాదు" అన్నాను.

"గట్టిగా చెప్పు. ఈడ పనిచేసే వాళ్లందరికీ వినపడాల."

"చిన్నయ్య తాగడు. నేను అబద్ధం రాశాను" అని అరిచాను. నన్ను క్షమించమని కూడా అన్నాను. ఆమె మోకు వదల్లేదు. మిగతా ఆడవాళ్లూ వచ్చి చేయి వేస్తే నన్ను పైకి లాగారు. గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఓబులయ్య వచ్చి ముంతతో నీళ్లిచ్చాడు. "ఏడ్చింది చాలు. ఆ ముద్దు రాతతో ఇప్పుడు నిజం రాయి" అన్నాడు.

రాశాను. మోకు ఎన్నిచోట్ల నలిగిందో, మేస్త్రీ ఎన్నిసార్లు అడిగాడో, నాతో ఎవరు ఏం రాయించారో అంతా రాసి, అధికారికి ఒక ప్రతి, యజమానికి ఒక ప్రతి ఇచ్చాను. నా ఉద్యోగం ఆ రోజే పోయింది. అధికారి నుంచి జవాబు రాలేదు. మళ్లీ రాశాను, మళ్లీ రాలేదు. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నేను ఓబులయ్య దగ్గర పనికి చేరాను. మోకులు బండికెత్తి మైదుకూరు నుంచి ఆలూరు పక్క పల్లెల దాకా తిరిగి అమ్మాను. ఇస్త్రీ చొక్కాలు వదిలేశాను. ఒంటికి పట్టిన నార కంపు ఎంత తోమినా పోయేది కాదు. ఆ రోజుల్లో నాకు నిద్ర బాగా పట్టేది.

పసుపు దారం మాట గనిదాకా పోయింది. ఒకనాడు పొద్దున కూలీలంతా గొయ్యి చుట్టూ కూర్చుండిపోయారు. ఓబులయ్య మోకు గిలక మీదికి వస్తేనే దిగుతామన్నారు. రెండు రోజులు గని ఆగింది. మూడోనాడు యజమాని తరఫున పనులు చూసే మేనేజరు మా పెరట్లోకి వచ్చి రెండు మోకులు కావాలన్నాడు. ఓబులయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఈ గడపలోనుంచి నడువు" అన్నాడు. అప్పుడు నార బాదుతున్న సుబ్బమ్మ కొయ్యసుత్తి కింద పెట్టి లేచింది. "మోకు ఇయ్యన్నా. తెగితే పడేది దొర కాదు" అంది.

ఓబులయ్య ఒక మోకు తీసి దూలానికి వేశాడు. "ఇస్తా. కానీ నువ్వు దిగి చూసుకోని తీసకపో" అన్నాడు మేనేజరుతో. మేనేజరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. వెంట వచ్చిన జవానును దింపుతానన్నాడు. "వాని లాంటోళ్లు రోజూ దిగేటోళ్లే. నువ్వు దిగు" అన్నాడు ఓబులయ్య. బూట్లు విప్పి, కళ్లజోడు జేబులో పెట్టుకుని ఆ మనిషి బావిలోకి దిగాడు. ఓబులయ్య అతన్ని ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. మూడుసార్లు దింపి మూడుసార్లు లాగాడు. పైకి వచ్చాక ఆ మనిషి పంచె తడిసి ఉంది. మాలో ఎవరమూ దాన్ని చూసినట్టు కనపడనివ్వలేదు. ఆ గనిలో ఆ తర్వాత నాకు తెలిసి మోకు తెగి ఎవరూ చావలేదు.

దీన్ని చెడుపై మంచి గెలిచిన కథగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. యజమానికి ఏ శిక్షా పడలేదు. సుఖంగా బతికి, సుఖంగా పోయాడు. ఆయన పేరు మీద కొడుకులు ఒక గుడికి మంటపం కట్టించారు. ఓబులయ్య కడప ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నప్పుడు ఆ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. అప్పటికి అతని చేతులు మట్టల ముళ్లకు గీరుకుపోయి, పేని పేని వేళ్లు వంకర్లు తిరిగి ఉన్నాయి.

"మంటపం కట్టించినారా? కట్టించనీ. దేవుడు ఆడికీ పోయి కూచుంటాడు, కోపంగా" అన్నాడు.

"నువ్వు ఆయన్ను క్షమించలేదా మామా?" అని అడిగాను. అప్పటికి అతన్ని మామా అనడం అలవాటైంది.

"వాడు వచ్చి అడిగింటే చూసిందుము. అడగలా." కొంచెంసేపు ఊపిరి కోసం ఆగాడు. "నాకు కోపం లేకపోయింటే ఆ పొద్దు సంతకం పెట్టి ఇంటికి పోయిందును. మోకులూ లేవు, ఏమీ లేవు. నువ్వు చల్లబడొద్దప్పా."

నాతో అతను మాట్లాడిన ఆఖరి మాట అది. సుబ్బమ్మ తన చివరిదాకా ఆ పెరట్లోనే పని చేసింది. నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు, మన్నించానని కూడా అనలేదు. గనుల అధికారి కచేరీలో చిన్నయ్య తాగి పడ్డాడని నా చేతిరాతతో ఉన్న కాగితం ఎక్కడో ఉండే ఉంటుంది. ఏడాదికి ఒకసారి, ఆ రాత తప్పని, దాన్ని దిద్దమని ఉత్తరం రాస్తాను. అధికారులు మారారు, శాఖలు మారాయి, జిల్లాల పేర్లు మారాయి. ఎవరూ జవాబు రాయరు. మా డాక్టరు మంచివాడు, రక్తపోటు చూసి శాంతంగా ఉండమంటాడు. సరేనని మాత్రలు తెచ్చుకుంటాను. ఇంటికి వచ్చి ఈ ఏటి ఉత్తరం రాసుకుంటాను.