కట్టని పన్నుకి రాయితీ

ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో నేను పనిచేసేది ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో. చుట్టుపక్కల మందుల షాపులకీ, సెలూన్లకీ వాళ్ళ మనుషుల జీతాలు లెక్కకట్టి ఇస్తాం. ఎవరికి ఎంత టాక్స్ పడుతుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా సంగతి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎటు పోయిందో!

గిరీష్, నేను విడిపోయాక పాప సుధేష్ణ నా దగ్గరే ఉంది. శని, ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గరకి వెళ్తుంది. అప్పటికి దానికి ఐదేళ్ళు. బడి మధ్యాహ్నమే వదిలేస్తారు కాబట్టి నాది పొద్దుటి పూట ఉద్యోగం, సగం జీతం. అద్దె మాత్రం పూర్తిగానే కట్టాలి.

ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళకి ఇక్కడ ప్రభుత్వం వారం వారం భృతి ఇస్తుంది. అలాంటివాళ్ళకే టాక్సులో కొంత తగ్గింపు కూడా ఉంది, దాన్ని క్రెడిట్ అంటారు. చట్టం రెండూ తీసుకోమంది. నా అహం ఒకటి చాలంది. భృతి అంటే చెయ్యి చాచడం, క్రెడిట్ అంటే టాక్స్ కట్టే మనిషి దర్జా. అలా అనుకుని క్రెడిట్ రాయించుకుని, తల ఎత్తుకుని తిరుగుతూ, నెలాఖరుకి పప్పులో నీళ్ళు ఎక్కువ పోస్తూ బతికాను.

ఒకరోజు గిరీష్ ఫోన్ చేశాడు.

"కోటేశ్వరీ, ఆ క్రెడిట్ నాకు వదిలెయ్యొచ్చుగా? వీకెండ్స్ పాప నా దగ్గరే ఉంటుంది, రూల్ ఒప్పుకుంటుంది. నీకెటూ దండగేగా."

"దండగేంటి? అది నా హక్కు."

"నీ జీతం మీద టాక్సే పడదుగా. పడని టాక్సులో ఏం తగ్గిస్తారు?"

ఠక్కున ఫోన్ పెట్టేశాను. తర్వాత నా పే స్లిప్ తెరిచి చూశాను. నిజమే, టాక్స్ దగ్గర సున్నా. ఉన్న మామూలు తగ్గింపులకే అది తుడిచిపెట్టుకుపోయింది. ఊరందరి పే స్లిప్పులూ చేసే నేను నాది చూసుకోలేదు. గిరీష్‌తో కాపురం చేసినన్నాళ్ళూ అతను ఒక్కసారైనా కరెక్టని ఒప్పుకోని దాన్ని, విడిపోయాక ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇక గతిలేక పాపని వెంటబెట్టుకుని, భృతి ఇచ్చే వెల్ఫేర్ ఆఫీసుకి బయల్దేరాను. మనవాళ్ళెవరూ గుర్తుపట్టకూడదని మెడకి మఫ్లరు, తలకి ఉన్ని టోపీ, కళ్ళకి నల్లద్దాలు. బయట వాన. వానలో నల్లద్దాలు పెట్టుకున్న మనిషిని ఐర్లండ్‌లో ఎవరు చూడరు? లోపల అడుగుపెట్టగానే మొదటి వరసలో ప్రభావతి ఆంటీ! మా వీధి చివరే ఉంటారు. అంకుల్ బోమాంట్ హాస్పిటల్లో డాక్టరు. నేను గోడ వైపు తిరిగి, అక్కడ అంటించిన పోస్టరు శ్రద్ధగా చదవడం మొదలెట్టాను.

"మమ్మీ, వై ఆర్ వీ హైడింగ్ ఫ్రమ్ ప్రభావతి ఆంటీ?" అంది సుధేష్ణ, హాలంతా వినపడేలా.

"ఏమే కోటేశ్వరీ, నువ్వా! కళ్ళకేమైంది?" అన్నారు ఆంటీ.

"కళ్ళకలక, ఆంటీ. ఏదో గుర్తింపు కార్డు పని మీద వచ్చాను."

"నేనూ కార్డుకే" అని ఆవిడ అంటుండగానే కౌంటర్లో అమ్మాయి నా పేరుని నాలుగు ముక్కలు చేసి పిలిచింది. అంతటితో ఆగకుండా, "వన్ పేరెంట్ పేమెంట్" అని కూడా చేర్చింది.

నేల చీలితే బావుండుననుకున్నాను. ఆంటీ ఒక్క క్షణం నన్ను చూసి, పాప చెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ తీసుకోలేదా? మతి ఉందా నీకు? ఎవరి కోసం దాచుంచావు? పాపని నేను చూస్తాలే, వెళ్ళు. ముందు ఆ అద్దాలు తీసెయ్, గుడ్డిదనుకుంటారు."

భృతి వచ్చింది. క్రెడిట్ ఆ ఏడాదికి గిరీష్‌కి రాసిచ్చాను. ఊరికే కాదు, బుధవారాలు పాపని బడి నుంచి తీసుకెళ్ళే పని అతనికి అంటగట్టాను. ఇంట్లో పప్పు మళ్ళీ చిక్కబడింది.

మరుసటి ఏడాది మా ఆఫీసు ఓనరమ్మ రోజీ రోజంతా పని ఇస్తానంది. ఎగిరి గంతెయ్యాలి కదా? లేదు, బెంగ పట్టుకుంది. జీతం పెరిగితే భృతి తగ్గిపోతుంది. ఒకప్పుడు ముట్టనని బిగుసుకున్నదాన్ని, ఇప్పుడు వదలనని ఏడుస్తున్నాను. పైగా పాపకి ఏడేళ్ళు నిండితే అది ఎలాగూ ఆగిపోతుంది. ఆ మాట రోజీయే గుర్తుచేసింది. "బడి అయ్యాక సుధేష్ణ మా ఇంట్లో ఉంటుందిలే" అన్నారు ప్రభావతి ఆంటీ. సరేనన్నాను. క్రెడిట్ వెనక్కి అడిగితే గిరీష్ కాస్త గొణిగాడు గానీ ఇచ్చేశాడు. బుధవారాలు మాత్రం మానలేదు.

మొదటి పూర్తి జీతం అందిన సాయంత్రం, పాప కోసం వెళ్ళి ఆంటీ వంటింట్లో నిలబడి రుసరుసలాడాను.

"ఇంత టాక్సా! మన డబ్బంతా ఎక్కడికి పోతోందో!"

"ఎక్కడికి పోతుందే? నిరుడు నీ ఇంటికే వచ్చిందిగా" అని ఆంటీ అలమర తెరిచి కాఫీ పొడి డబ్బా తీశారు. నేను వెళ్ళి పాల గిన్నె పొయ్యి మీద పెట్టాను.