ఇస్రాయేలు వేలికి అందని ఆయిల్

నకిరేకల్‌లో మెకానిక్ ఇస్రాయేలు కంటే ఆయన బొటనవేలికే పేరెక్కువ. ఇంజన్లో ఆయిల్ చూసే కడ్డీని బయటికి లాగి, కొన మీది చుక్కను రెండు వేళ్ళ మధ్య రుద్ది, కళ్ళు మూసుకుంటాడు. బండి తిరిగిన దారులన్నీ ఆ రెప్పల వెనక ఏరులా పారతాయట. ఒకసారి ఓ జీపు ఆయిల్ ముట్టుకొని, "ఆలేరు రైలు గేటు కాడ చానాసేపు ఆగినవ్. నీ ముంగట బత్తాయిల లారీ ఉండె" అన్నాడు. జీపు డ్రైవరు నోరు తెరిచినవాడు మళ్ళీ టీ తాగడానికే మూశాడు. లారీలో ఉన్నవి బత్తాయిలు కావు, నిమ్మకాయలని తర్వాత తేలింది. అంత చిన్న తేడాను ఎవరు పట్టించుకుంటారు?

ఆ విద్య బడిలో అబ్బింది కాదు. తండ్రి జానయ్య ఓ రైతు దగ్గర జీతముండేవాడు. బావి గడ్డన డీజిల్ ఇంజన్ నీళ్ళు తోడుతుంటే దాని పక్కన కాపలా కూర్చోవడం పదేళ్ళ ఇస్రాయేలు పని. ఆ చప్పుడే జోలపాట. ఒక ఎండాకాలం ఆయిల్ అడుగంటి, ఆ ఇంజన్ దాహంతో మూలిగి మూలిగి బిగుసుకుపోయింది. ఆ మూలుగు ఇస్రాయేలు చెవిలోంచి నేటికీ పోలేదు. అప్పుడు పుట్టిందే ఆయన శాస్త్రం: వేలి మీద తీగ సాగితే ఆయిల్, సాగకపోతే నీళ్ళు. ట్రాక్టరైనా, జీపైనా, బావి మీది ఇంజనైనా అన్నిటికీ ఒకే డ్రమ్ములోని చిక్కటి ఆయిల్.

నిరుడు జనవరిలో ఓ శనివారం కూతురు మెర్సీ డీజిల్ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. ఆమె నల్లగొండ దవాఖానలో నర్సు. డ్యూటీకి పోయిరావడానికి ఇష్టపడి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ కారు. కొత్త రకం ఇంజన్. చేతిలో ఆయిల్ డబ్బా.

"బాపూ, ఆయిల్ మార్చాలె. ఫిల్టర్ గూడ తెచ్చిన."

ఇస్రాయేలు డబ్బా మూత తీసి వేలు ముంచాడు. రుద్దాడు. తీగ సాగలేదు. మళ్ళీ రుద్దాడు.

"గిది నీళ్ళోలె ఉన్నది గద బిడ్డా!"

"పుస్తకంల గిదే రాసిన్రు. సల్లగున్నప్పుడు పల్చగ పారాలె, వేడెక్కినంక సరిపోయేంత చిక్కగుండాలె. ఇంకోటి, బూడిద తక్కువది గావాలె. పొగగొట్టంల మసి పట్టే జల్లెడ ఉన్నది. నీ డ్రమ్ముల ఆయిల్ పోస్తే ఆ బూడిదకు అది పూడుకపోతదట."

అప్పుడే షెడ్డు ముందు ట్రాక్టర్ దిగిన పాత గిరాకీ యాదగిరి తానూ ఓ చుక్క రుద్దుకున్నాడు. "ఇస్రాయేలన్నా, గిది ఆయిలా, కొబ్బరినూనెనా? బిడ్డ నెత్తికి తెచ్చుకుందేమో అడుగు! నీ ఏలు ఇన్నొద్దులు అబద్ధమాడితే ఇగ మేమెవరిని నమ్మాలె?"

మెర్సీ నవ్వలేదు. "బాపూ, నా ఫస్టు కారు. పోసేది నీ చెయ్యే గావాలె. నువ్వేది పోసినా నేను మూత తీసి సూడ. రేపు చర్చి నుంచి వచ్చినంక నడుపుత" అని డబ్బా అక్కడే పెట్టి ఇంట్లోకి వెళ్ళింది.

ఆ నమ్మకం ముందు డ్రమ్ము కూడా తేలికే అనిపించింది ఇస్రాయేలుకు. తన వేలు మాట వింటే పుస్తకం చెప్పినట్టు కారు పాడైపోవచ్చు. పుస్తకం మాట వింటే ఆ బావి ఇంజన్లా మూలగవచ్చు. ఏదైనా మూలిగేది బిడ్డ కారే.

సాయంకాలపు ఎండ తేనెలా షెడ్డులోకి జారుతోంది. స్టూలు మీద ఆయన కళ్ళు మూతపడ్డాయి. చూస్తే తానే ఓ ఆయిల్ చుక్కై ఇంజన్లోకి దిగాడు. లోపల చలి తెల్లవారుజాము. చీమలబారు పట్టేంత సందులు. పైన ఇనుప పిట్టలు నోళ్ళు తెరుచుకొని ఆయిల్ కోసం చూస్తున్నాయి. ఎక్కుదామంటే ఒళ్ళు బరువు. తన చిక్కదనమే తన కాళ్ళకు అడ్డం. పిట్టలు ఒక్కొక్కటే మూలగసాగాయి. అదే పాత మూలుగు.

ఉలిక్కిపడి లేచాడు. ఒక్క అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్ళూ డ్రమ్ములో నిద్రపోతున్న ఆయిల్‌నే పట్టి చూశాడు తను. పడుకున్న మనిషి చెయ్యి పట్టుకొని వాడి నడక చెప్పినట్టు!

ఆదివారం తెల్లారేసరికి రేకు మీద మంచు పడి ఉంది. రెండు ఆయిళ్ళూ చెరో చుక్క వేసి రేకును వాల్చాడు. పల్చనిది చూస్తుండగానే అంచు దాటింది. చిక్కనిది సగం దారిలో ఆలోచిస్తూ నిలబడింది. తర్వాత రెండు స్టీలు గ్లాసుల్లో పోసి, పొయ్యి మీద మరుగుతున్న స్నానపు నీళ్ళ కాగులో నిలబెట్టాడు.

"ఏందయ్యా గిది!" అని భార్య జానమ్మ పరుగెత్తుకొచ్చింది. "పొద్దుగాల్నే చర్చికి పోయే నీళ్ళల్ల నూనెలు ముంచుతున్నవ్? నా గ్లాసులు!"

"జర ఆగవే. ఇంజన్ లోపలి ఎండ చూస్తున్న."

బాగా వేడెక్కాక గరిటెతో ఎత్తి పోసి చూశాడు. ఇందాక చలిలో అంత మొండిగా నిలబడ్డ చిక్కనిది ఇప్పుడు పల్చనిదాని చెల్లెలిలా జారింది. రెంటికీ తేడా కంటికి ఆనలేదు. వేడిలో దాదాపు సమానమైనప్పుడు, చలిలో ముందు పైకెక్కేదే కదా పిట్టల నోటికి అందేది! ఇక బూడిద సంగతి ఏ వేలికీ అందేది కాదు. దాన్ని బిడ్డ చదువుకు వదిలేశాడు. పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, మెర్సీ తెచ్చిన డబ్బానే చివరి చుక్కదాకా వంచాడు. తాళం తిప్పితే, మూలుగు లేదు. నిద్రలో పసిబిడ్డ ఊపిరి.

చర్చి అయ్యాక మెర్సీ కారు తీసుకొని పోయింది. ఇస్రాయేలు షెడ్డు ముందే నిలబడ్డాడు. యాదగిరి కూడా వచ్చి నిలబడ్డాడు, తమాషా చూద్దామని. ఎండ నడినెత్తికొచ్చాక కారు తిరిగొచ్చింది.

"మస్తుగున్నది బాపూ! ఏం పోసినవ్?"

"కొబ్బరినూనె" అన్నాడు ఇస్రాయేలు, యాదగిరి వైపు చూస్తూ.

కడ్డీ లాగి, వెచ్చటి చుక్కను రుద్ది, కళ్ళు మూసుకున్నాడు. మూసుకోకముందు బిడ్డ చున్నీ మీది బజ్జీ మరకల వైపు ఒక్క చూపు వేశాడనుకోండి.

"పానగల్ దాంక పోయినవ్. వచ్చేటప్పుడు బజ్జీల బండి కాడ ఆగినవ్. మిరపకాయ బజ్జీలు, మూడు."

మెర్సీ కళ్ళు పెద్దవయ్యాయి. "నాలుగు తిన్న బాపూ!"

"నాలుగోది కారు సల్లారినంక తిన్నవ్ బిడ్డా. సల్లగున్న ఆయిల్‌కు ఏం తెలుస్తది?"

యాదగిరి తన ఆయిల్ కూడా చూపించుకుందామని ట్రాక్టర్ దగ్గరికి పోయి, ఇంజన్ వేడెక్కడానికి స్టార్ట్ చేసి కూర్చున్నాడు.