గట్టు మీద తుమ్మకంప

కాదు, నేను ఒప్పుకోను. నా చిన్నప్పుడు కళ్ళారా చూసినదాన్ని ఎవరో స్టాఫ్‌రూంలో కూర్చుని కొట్టిపారేస్తే ఎలా ఊరుకుంటాను? పొద్దున్నే పరుగెత్తితే పాఠం తోస్తుందని అన్నానంతే. "ఉరుకుడు బరువు తగ్గనీకె మేడమ్. పాఠం కావాల్నంటే ఫోన్ల కొట్టుండ్రి, వంద వస్తయి" అన్నాడు మా బడి సైన్స్ సార్. ఫోన్ నా చేతిలోనూ ఎప్పుడూ ఉంటుంది. కానీ అందులో దొరికే ఆ వంద పాఠాల మీదే నాకు అనుమానం. ఎందుకో చెబుతాను.

నేను మెహిదీపట్నంలో పెరిగాను. అమ్మకు ఒంట్లో బాగోకపోవడంతో ఆరో తరగతి మాత్రం కనకమామిడిలో మా అవ్వ దగ్గరుండి చదివాను. అవ్వకో టమాట చేను ఉండేది. దానికి అటూ ఇటూ ఫాంహౌస్‌లు లేచాయి. మధ్యలో మిగిలిన ఆ చేను మీద అందరి కన్నూ పడింది. దాని ముందు ఆగి చూసేవాళ్ళు కొనడానికైనా వచ్చి ఉండాలి, అమ్మించడానికైనా వచ్చి ఉండాలి. మూడో రకం మనిషిని మా అవ్వ అప్పటిదాకా చూడలేదు.

అలాంటి చోట మా లెక్కల మేడమ్ రోజూ తెల్లవారగానే పరుగెత్తేది. ఊళ్ళోనే గది కిరాయికి తీసుకుని ఉండేది. రిసార్టులకు పోయే కార్ల భయానికి రోడ్డు వదిలేసి చేల గట్లు పట్టింది. పరుగెత్తి ఇంటికి పోతే ఏ గొడవా ఉండేది కాదు. మా చేను దగ్గరికి రాగానే ఆగేది. గట్టు పొడుగునా అడుగులేసి కొలిచేది. తనలో తనే ఏదో అనుకునేది. అదంతా చూసి అవ్వకు చెప్పాను.

"బ్రోకరే. సదువు చెప్పుడు ఉత్త వేషం" అని అవ్వ తేల్చేసింది. మర్నాడే తుమ్మకంప తెచ్చి గట్టుకు అడ్డంగా వేసింది. చేను కాపాడింది నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

ఆ తర్వాతే క్లాసులో తేడా కనిపించింది. అంతకుముందు మేడమ్ పాఠం పుస్తకంలోంచి మొదలయ్యేదే కాదు. చేలో నీళ్ళు మళ్ళించినట్టు మమ్మల్ని వరుసలుగా మళ్ళించి భాగహారం చేయించేది. బడి గోడ నీడ చుట్టూ సుద్దముక్కతో గీసి కోణాలు చూపించేది. ఇప్పుడు రోజూ పుస్తకం తియ్యండి, ఎక్కించుకోండి అనడమే. వెనక బెంచీ నిద్రపోయింది. నాకు ఒళ్ళు మండి లేచి అడిగాను.

"ముందట్లెక్క ఎందుకు చెప్తలేరు మేడమ్?"

ఆమె కోప్పడలేదు. "కాళ్ళు కదిలితెనే నాకు తెలివి కదుల్తది బిడ్డా. నేను ఉరికే తొవ్వల ఎవరో కంప ఏసిన్రు" అంది.

నేను నమ్మలేదు. దొరికిపోయిన మనిషి అలాగే చెబుతుంది కదా. "రేపు నేను గుడ వస్త" అన్నాను. పక్కనే ఉండి పట్టుకోవాలని నా ఎత్తు.

మర్నాడు కంప పక్కకు లాగి ఆమె వెనక పరుగెత్తాను. మా చేను చుట్టూ ఒకసారి తిరిగాం. పక్కనే సన్నగా పొడుగ్గా ఉన్న ఫాంహౌస్ జాగా కంచె వెంట ఇంకోసారి తిరిగాం. ఊపిరి అందడం లేదు. సరిగ్గా నేను అనుకున్న చోటే మేడమ్ ఆగింది. ఇక ధర అడుగుతుందని చెవులు రిక్కించాను.

"దేని సుట్టు ఉరికితే ఎక్కువ అలుపొచ్చింది?" అని అడిగింది.

"రెండు ఒక్కతీర్గనే."

"మరి మీ అవ్వ చేన్ల పట్టినన్ని మొక్కలు ఆ సన్నజాగల పడ్తయా?"

చూశాను. సగం కూడా పట్టవు. మేడమ్ కూడా అప్పుడే చూసినట్టు కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత నన్ను గట్టు మీదే వదిలేసి ఊళ్ళోకి పరుగు తీసింది.

ఆ రోజు క్లాసుకు బావి తాడు తెచ్చింది. నలుగురం నాలుగు మూలలు పట్టుకుంటే క్లాసంతా లోపల నిలబడింది. అదే తాడును సన్నగా సాగదీస్తే సగం మంది బయటపడ్డారు. "నూకకురా, నా జాగ ఇది" అని ఒకటే లొల్లి. చుట్టుకొలత ఒకటే అయినా లోపలి జాగా ఒకటే కానక్కర్లేదని మాకు మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని రాలేదు. ఆ పాఠం పుట్టినప్పుడు నేను దాని పక్కనే ఉన్నాను.

సాయంత్రం అవ్వ గుమ్మంలోనే నిలదీసింది. "కంప ఎవరు గుంజిన్రు?"

నేనేనని జరిగిందంతా చెప్పాను.

"ధర అడగలే?"

"అడగలే."

"ఎవరికన్న ఫోన్ జేసిందా?"

"ఫోన్ ఇంట్లనే పెట్టొచ్చింది."

 తెల్లారి అవ్వే కంప ఎత్తి పారేసింది. కానీ ఇంటికి రాలేదు, గట్టు మీదే కూర్చుంది. మేడమ్ రాగానే, "ఉరుకు, వద్దంటలేను. ఆగి మాత్రం సూడకు. సూసేదుంటే ఉరుక్కుంటనే సూడు" అంది. మేడమ్ నవ్వాపుకుని "సరే అవ్వా" అంది. ఆ ఏడాది పొడుగునా అవ్వ అక్కడ కాపలా కాసింది, మాకు పాఠాలు ఆగలేదు.

అవ్వ అనుమానం, మేడమ్ పరుగు, రెండూ నాకు అంటుకున్నాయి. ఇప్పుడు మొయినాబాద్‌లో ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పొద్దున ఆ కాసేపు మాత్రం ఫోన్ ఇంట్లో వదిలి పరుగెత్తుతాను. చేలలో ఉన్నవాళ్ళు నన్నూ బ్రోకర్‌నే అనుకుంటారు, అందుకే నేనూ పరుగెత్తుతూనే చూస్తాను. మొన్న ఒక రిసార్టు గేటు మెల్లగా తెరుచుకుంటుంటే కోణాల పాఠం దొరికింది. ఆ సార్‌నే కాదు, పాఠం చెప్పే ఎవరినైనా అడుగుతాను: మీ ఫోన్‌లోని వంద పాఠాల్లో మీ పిల్లలు రోజూ చూసే గేటు ఒక్కటైనా ఉందా? ఒక్క వారం ఫోన్ ఇంట్లో పెట్టి మీ ఊరి గట్ల మీద పరుగెత్తండి. ఆ తర్వాత క్లాసులో నిలబడి, నా మొహం చూసి చెప్పండి, అదంతా ఒట్టి చెమటేనంటారా?